దుమ్ము ఊదే స్ప్రేలో చేదు మందు: చేతికీ కీబోర్డుకీ అంటకుండా వాడటం ఎలా

కీబోర్డు మీటల మధ్య పేరుకున్న దుమ్మును ఎయిర్ డస్టర్ డబ్బాతో ఊదేసి, చేతులు బట్టలకే తుడుచుకుని, పక్కన పళ్ళెంలో ఉన్న యాపిల్ ముక్క తీసి నోట్లో పెట్టుకున్నాను. ఒక్కసారిగా గొంతు దాకా చేదు. పండు పాడైందనుకుని ఉమ్మేసి ఇంకో ముక్క తీసుకున్నాను. అదీ అంతే. అదే పళ్ళెంలోంచి మా అబ్బాయి ఒక ముక్క తిని "బానే ఉంది కదమ్మా, తియ్యగా" అన్నాడు. అప్పుడు అనుమానం వచ్చి చూపుడు వేలు నాలుక కొసకు ఆనించాను. చేదు పండులో లేదు, నా వేళ్ళ మీద ఉంది. (ఈ పరీక్ష మాత్రం మీరు చేయకండి. సాయంత్రం దాకా నా నోరు బాగుపడలేదు.)

డబ్బా తిప్పి చూస్తే వెనక సన్నటి అక్షరాల్లో రాసే ఉంది, దుర్వినియోగాన్ని ఆపడానికి బిట్టరెంట్ కలిపామని. బిట్టరెంట్ అంటే కావాలని కలిపే చేదు మందు. ఎక్కువగా వాడేది డెనటోనియం బెంజోయేట్. 1958లో స్కాట్లాండ్‌లో ఒక మందుల కంపెనీ వాళ్ళు నొప్పి తెలియకుండా ఇచ్చే మత్తుమందు కోసం వెతుకుతుంటే అనుకోకుండా చేతికి చిక్కిన పదార్థం ఇది. తెలిసినవాటిలోకెల్లా చేదైనదిగా దీనికి పేరు. పది లక్షల పాళ్ళలో పది పాళ్ళు కలిస్తే చాలు, చాలామంది ఆ నీటిని మింగలేరు.

డస్టర్ డబ్బాలో ఉండేది గాలి కాదు. ఒత్తిడితో ద్రవంగా మార్చిన గ్యాస్, సాధారణంగా డైఫ్లోరోఈథేన్. కొందరు మత్తు కోసం దీన్ని పీలుస్తారు. అలా పీల్చడం గుండెను అడ్రినలిన్‌కు (భయం, ఉద్రేకం కలిగితే ఒంట్లో ఊరే హార్మోను) అతిగా స్పందించేలా చేస్తుంది, లయ తప్పి గుండె ఆగిపోవచ్చు. మొదటిసారి పీల్చినవాళ్ళు కూడా అలా చనిపోయిన సందర్భాలున్నాయి. అందుకే చేదు కలుపుతారు. ఉద్దేశం మంచిదే. కానీ గ్యాస్ ఎగిరిపోతుంది, చేదు ఎగిరిపోదు. అది ఉప్పులాంటి ఘన పదార్థం, గది వేడికి ఆవిరి కాదు. ఎక్కడ పడితే అక్కడే కూర్చుంటుంది. అంటే దుమ్ము కోసం కొనుక్కున్న మనకు చేదు మిగులుతుంది, పీల్చేవాడికి గ్యాస్ ప్రమాదం మాత్రం ఏ మాత్రం తగ్గదు.

ఆ చేదుతో ఎలా నెగ్గుకురావాలో చెబుతాను.

ముందు లేబుల్ చదవండి

"బిట్టరెంట్", "బిట్టరింగ్ ఏజెంట్", "డెనటోనియం", "బిట్రెక్స్" (ఇది దాని వ్యాపార నామం). వీటిలో ఏది కనిపించినా చేదు ఉన్నట్టే. కొన్ని కంపెనీలు ల్యాబుల కోసం, కెమెరా పని చేసేవాళ్ళ కోసం చేదు లేని రకం కూడా తయారు చేస్తాయి, దాని మీద "బిట్టరెంట్ ఫ్రీ" అని ఉంటుంది. మీరు లెన్సులూ సూక్ష్మమైన పరికరాలూ శుభ్రం చేసేవాళ్ళయితే అదే వెతుక్కోండి. పిల్లలున్న ఇల్లయితే మాత్రం, ఏ రకం కొన్నా తాళం వేసే చోటు ముందు చూసుకుని కొనండి.

డస్టర్ ఒక్కటే కాదు. మీటతో కొట్టే క్లీనింగ్ స్ప్రేల్లో, శానిటైజర్లలో, బట్టల సబ్బు క్యాప్సూళ్ళ పైపొరలో కూడా ఈ చేదు కనిపిస్తుంది. శానిటైజర్ రాసుకున్న చేత్తో ఏదో తిని మొహం చిట్లించిన అనుభవం కరోనా రోజుల్లో చాలామందికి అయ్యే ఉంటుంది. చిన్న పిల్లలు మింగకుండా నింటెండో స్విచ్ గేమ్ కార్డులకు కూడా ఇదే పూస్తారు. అక్కడ ఆ చేదు ఉండాల్సిన చోటే ఉంది, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. స్ప్రేతో చిక్కు ఏమిటంటే అది చెప్పిన చోట ఉండదు.

స్ప్రే లేకుండా అయ్యే పనేమో చూడండి

రబ్బరు బుడగలాంటి చేతి బ్లోయర్ ఒకటి, మెత్తటి కుంచె ఒకటి ఉంటే డస్టర్‌తో చేసే పనుల్లో చాలా వరకూ అయిపోతాయి. కంప్యూటర్ ఫ్యానుల్లో గడ్డకట్టిన దుమ్ముకు కరెంటుతో నడిచే చిన్న బ్లోయర్ మేలు. ఊదడానికి మామూలు గాలే వాడుతుంది కాబట్టి ఇందులో చేదూ లేదు, మంటా లేదు, డబ్బా అయిపోయే బాధా లేదు.

కొన్నింటి మీద మాత్రం చేదు ఉన్న డస్టర్ అసలు వాడకండి. నోటికి తగిలేవన్నీ ముందు: వేణువు, మౌత్ ఆర్గాన్, ట్రంపెట్ లాంటి వాద్యాల నోటి భాగాలు, పసిపిల్లల బొమ్మలు, నిద్రలో శ్వాసకు వాడే యంత్రం మాస్కు, నెబ్యులైజర్ గొట్టాలు, హెడ్‌సెట్ మైకు. మైకు సంగతి చాలామంది మర్చిపోతారు. ఊదేటప్పుడు బానే ఉంటుంది, మాట్లాడేటప్పుడు పెదవికి తగిలి రోజంతా చేదు. కుక్కా పిల్లీ తినే గిన్నెల దగ్గర కూడా వద్దు, పాపం అవి ఎందుకు అన్నం మానేశాయో మనకు అర్థం కాదు.

కెమెరా సెన్సరు, లెన్సు లోపలి అద్దాలు, టెలిస్కోపు దర్పణం లాంటివి రెండో వరుస. వీటి మీద సన్నటి తుంపర పడి ఆరితే మచ్చలా మిగులుతుంది. దుమ్ము పోయిందిగానీ మచ్చ వచ్చింది అన్నట్టవుతుంది. దుమ్ము కణాన్ని బ్లోయర్ ఒక్క ఊపుకు లేపుతుంది, ఎండిన మచ్చను తుడవాలంటే అద్దాన్ని ముట్టుకోవాల్సిందే.

డబ్బా పట్టుకునే తీరులోనే ఉంది అంతా

ఇక్కడ కాస్త నెమ్మదిగా చదవండి. నా కీబోర్డు చేదెక్కింది చేదు మందు వల్ల ఎంతో, నేను డబ్బా పట్టుకున్న తీరు వల్లా అంతే.

డబ్బాలో కింద ద్రవం, పైన ఆవిరి ఉంటాయి. చేదు మందు ఆవిరిలో ఉండదు, ద్రవంలో కరిగి ఉంటుంది. డబ్బాను నిటారుగా పట్టుకుని నొక్కితే పైనున్న ఆవిరి బయటికి వస్తుంది, దాంతో పాటు వచ్చే చేదు చాలా తక్కువ. డబ్బాను వంచినా, తలకిందులు చేసినా, కుదిపినా ద్రవమే గొట్టంలోంచి దూకుతుంది. తెల్లటి మంచులా బుస్సుమని వచ్చేది అదే. ఆ ద్రవం క్షణంలో ఆవిరైపోతుంది, చేదు మాత్రం మీటల మీద ఉండిపోతుంది.

మరి మనం ఎందుకు వంచుతాం, ఎందుకు కుదుపుతాం? డబ్బా చల్లబడటం వల్ల. పైన ఆవిరి పోయిన కొద్దీ కింద ద్రవం మరిగి ఆ ఖాళీ నింపాలి, ఆ మరగడానికి కావలసిన వేడిని డబ్బా నుంచే లాక్కుంటుంది. పది పదిహేను సెకన్లు ఆపకుండా నొక్కితే డబ్బా చేతిలో మంచుగడ్డ అవుతుంది, ఒత్తిడి పడిపోతుంది, గాలి నీరసంగా వస్తుంది. అయిపోయిందేమో అని మనం కుదుపుతాం. కుదపగానే చేదు బయటికి వస్తుంది. నేను చేసింది అచ్చంగా ఇదే.

కాబట్టి ఇలా చేయండి. డబ్బాను వాడబోయే గదిలోనే కాసేపు ఉంచండి. వాడే ముందు కుదపకండి, రంగు స్ప్రే డబ్బా అలవాటున్నవాళ్ళకు చెయ్యి ఊరుకోదు, అయినా ఆపుకోండి. డబ్బా నిటారుగా, వస్తువు వంగి. అంటే కీబోర్డును నిలువుగా ఎత్తి పట్టుకోండి, డబ్బాను వంచకండి. మొదట ఒక్కసారి పక్కకు, ఖాళీ స్థలంలోకి ఊదండి, గొట్టంలో నిలిచిన ద్రవం ఏమైనా ఉంటే అక్కడే పోతుంది. తర్వాత ఒకటి రెండు సెకన్ల చొప్పున కొద్దికొద్దిగా ఊదండి, మధ్యలో విరామం ఇవ్వండి. గొట్టం కొస వస్తువుకు జానెడు దూరంలో ఉండాలి. డబ్బా చల్లబడితే పక్కన పెట్టి పది నిమిషాలు ఇంకో పని చూసుకోండి. తొందరపడి వేడినీళ్ళలో పెట్టడం, ఎండలో పెట్టడం లాంటివి చేయకండి, డబ్బా పేలుతుంది.

ఇంకో సంగతి. ఆవిరి పోతూ ఉంటుంది, చేదు లోపలే ఉంటుంది. అందుకని డబ్బా ఖాళీ అయ్యే కొద్దీ మిగిలిన ద్రవంలో చేదు చిక్కనవుతుంది. అడుగున ఉన్నది అన్నిటికన్నా ఘాటు. కొత్త డబ్బాను సున్నితమైన పనులకు, చివరికొచ్చిన డబ్బాను గ్యారేజీలో పనిముట్ల మీద, కిటికీ పట్టాల సందుల్లో వాడుకోండి. అడుగున ఉన్న చివరి గుక్క కోసం కుస్తీ పడకండి.

చేదుతో సంబంధం లేకపోయినా రెండు హెచ్చరికలు చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఆ ద్రవం మరిగే వేడి మైనస్ 25 డిగ్రీల సెల్సియస్, చర్మం మీద పడితే మంచు కాటు తప్పదు. రెండోది, డైఫ్లోరోఈథేన్ మండుతుంది. పరికరాన్ని ఆపి, ప్లగ్ తీసి, చల్లారనిచ్చి, కిటికీలు తెరిచి, ఊదాక కొన్ని నిమిషాలు ఆగి స్విచ్ వేయండి. కాగితాలు ముక్కలు చేసే ష్రెడర్‌లో అస్సలు ఊదకండి. లోపల చేరిన గ్యాస్‌కు మోటారు నిప్పురవ్వ ఒక్కటి చాలు.

మీట స్ప్రేలయితే గుడ్డ మీద కొట్టండి

వంటగట్టు, అద్దం, స్విచ్చులు తుడిచే ద్రవాల విషయం ఇంకా తేలిక. వస్తువు మీద కొట్టకండి, గుడ్డ మీద కొట్టి గుడ్డతో తుడవండి. గాలిలోకి లేచే తుంపర సగానికి సగం తగ్గినట్టు మీకే తెలుస్తుంది. స్ప్రే సీసా ముక్కు తిప్పితే సన్నటి పొగలా వచ్చేదీ, చుక్కలుగా వచ్చేదీ అని రెండు రకాలుంటే చుక్కలదే ఎంచుకోండి. చేదు తుంపర ఎక్కువ దూరం వెళ్ళేది పొగలా ఉన్నప్పుడే. గట్టు మీద గిన్నెలు, గ్లాసులు, తెరిచి ఉంచిన ఉప్పు డబ్బా ఉంటే ముందు తీసేయండి. కూరగాయలు తరిగే పలక మీద ఈ స్ప్రే వాడకపోవడమే నయం, చెక్క పలకయితే మరీ. చెక్క తాగేసిన చేదును బయటికి రప్పించడం ఓ పట్టాన కాదు. తిండి తగిలే చోట వాడితే తర్వాత మంచినీళ్ళతో రెండుసార్లు కడగండి, ఒకసారి తడిగుడ్డతో తుడిచి వదిలేయకండి.

అంటుకున్నాక తీయడం

మంచి వార్త ఏమిటంటే డెనటోనియం నీళ్ళలో కరుగుతుంది, ఆల్కహాల్‌లో ఇంకా బాగా కరుగుతుంది. పొడిగుడ్డతో ఎంత రుద్దినా లాభం లేదు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి పూసినట్టవుతుంది. తడి కావాలి.

చేతులను సబ్బుతో, గోళ్ళ సందులతో సహా, రెండుసార్లు కడగండి. టేబుల్, మౌసు పైభాగం, ఫోను కవరు లాంటివాటిని గిన్నెల సబ్బు చుక్క కలిపిన నీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి, ఉత్త నీళ్ళ గుడ్డతో ఇంకోసారి తుడవండి. రెండోసారికి గుడ్డ మార్చాలి, లేకపోతే తీసిన చేదునే మళ్ళీ రాస్తారు.

సర్క్యూట్ బోర్డుకు నీళ్ళు పెట్టలేం కాబట్టి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. బోర్డుల మీద చేదును రుచి కోసమే కాదు, ఇంకో కారణానికి కూడా తీసేయాలి. అది లవణం, తేమ తగిలితే విద్యుత్తును కొద్దిగా మోసే రకం. ఒకటి రెండుసార్లు ఊదితే పడేది ఎంతో కాదు, రోజూ ఊదే రిపేరు బల్ల మీద మాత్రం పట్టించుకోవాల్సిందే. ఇక్కడే ఒక గొయ్యి ఉంది, నేను అందులో పడ్డాను. మందుల షాపులో, రంగుల షాపులో దొరికే స్పిరిట్ చాలా వరకు తాగకుండా ఉండేందుకు కల్తీ చేసినదే, అందులో కలిపేవాటిలో ఈ డెనటోనియం కూడా ఉంటుంది. కీబోర్డు చేదు తీయడానికి నేను సీసాడు స్పిరిట్ ఖర్చు చేశాను. ప్రతిసారీ తుడిచాక ఇంకా చేదే. తర్వాత సీసా మీద చదివితే తెలిసింది, నేను చేదును చేదుతో కడుగుతున్నానని. కాబట్టి సీసా మీద "డీనేచర్డ్" (అంటే ఇలా తాగకుండా కల్తీ చేసినది) అన్న మాట ఉంటే పక్కన పెట్టి, ఎలక్ట్రానిక్స్ శుభ్రం చేయడానికే అమ్మే శుద్ధమైన ఐసోప్రొపైల్ తెచ్చుకోండి.

లెన్సు మీద తుంపర పడితే ముందు బ్లోయర్‌తో దుమ్ము లేపి, తర్వాత లెన్సు ద్రవం ఒక చుక్క టిష్యూ మీద వేసి మధ్య నుంచి అంచుకు తిప్పుతూ తుడవండి. ద్రవం నేరుగా అద్దం మీద వేయకండి. సెన్సరు మీద పడితే మీరు అలవాటున్నవాళ్ళయితే తప్ప సర్వీసుకు ఇవ్వడమే మంచిది.

నోట్లోకో ఊపిరిలోకో వెళ్తే

నోట్లో చేదయితే నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయండి, మింగకండి. మూడు నాలుగుసార్లు చేశాక కాసిని పాలు తాగితే కాస్త ఊరట. వేళ్ళ మీది నుంచి నోటికి చేరేంత కొంచెంతో విషమేమీ ఎక్కదు, టెన్షన్ పడక్కర్లేదు. పిల్లలు క్లీనింగ్ ద్రవాన్నే మింగితే అది వేరే సంగతి. అక్కడ భయం చేదు గురించి కాదు, మిగతా రసాయనాల గురించి. డబ్బా చేత్తో పట్టుకుని వెంటనే వైద్య సాయం అడగండి.

ఆస్తమా ఉన్నవాళ్ళు తుంపర ఉన్న గదిలో ఉండకపోవడం మంచిది. డెనటోనియం తగిలి చర్మం దద్దుర్లెక్కడం, ఊపిరి ఆడకపోవడం వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అరుదే గానీ, స్ప్రే వాడిన ప్రతిసారీ ఇంట్లో ఒకరికే దగ్గు, పిల్లికూతలు వస్తుంటే దుమ్మును మాత్రమే అనుమానించకండి, డాక్టరుకు డబ్బా లేబుల్ కూడా చూపించండి.

ఎవరైనా గ్యాస్ పీలుస్తూ కనిపిస్తే అరవకండి, వెంటపడకండి, పట్టి కుదపకండి. భయంతో ఒంట్లో అడ్రినలిన్ పెరిగితే అప్పటికే లయ తప్పడానికి సిద్ధంగా ఉన్న గుండె ఆగిపోవచ్చు. కిటికీలు తెరిచి, నెమ్మదిగా మాట్లాడి కూర్చోబెట్టండి. స్పృహ లేకపోతే వెంటనే అంబులెన్సుకు ఫోన్ చేయండి, ఊపిరి ఆడకపోతే అంబులెన్సు వచ్చే దాకా గుండె నొక్కడం మొదలుపెట్టండి.

చేదు ఉంది కదా అని బయట వదిలేయకండి

నాకు అన్నిటికన్నా పెద్ద లోపంగా కనిపించేది ఇదే. "చేదు కలిపారు కాబట్టి పిల్లలు ముట్టరు" అని డబ్బాను కంప్యూటర్ పక్కనే వదిలేసే ఇళ్ళు నేను చూశాను. చేదు నాలుక మీద పనిచేస్తుంది, అదీ నాలుకకు తగిలాకే. చేదు తెలిసే తీరు కూడా మనిషి మనిషికీ మారుతుంది. అమెరికాలో 1969లో టెస్టర్స్ కంపెనీ మోడల్ విమానాల జిగురులో ఆవనూనె ఘాటు కలిపింది, పీల్చేవాళ్ళకు ముక్కు మండాలని. అప్పటి నుంచీ జిగురులో ఒకటి, డస్టర్‌లో ఒకటి కలుపుతూనే ఉన్నారు, పీల్చడం మాత్రం ఆగిపోలేదు. 2024లో ఆ దేశపు వినియోగదారు ఉత్పత్తుల భద్రతా కమిషన్ ఏకంగా గ్యాస్ మీదే ప్రతిపాదన తెచ్చింది: హెచ్‌ఎఫ్‌సి-152ఎ, అంటే మన డైఫ్లోరోఈథేన్, దానితో పాటు అదే కోవకు చెందిన ఇంకో గ్యాస్ హెచ్‌ఎఫ్‌సి-134ఎ, రెండూ కలిపి 18 మిల్లీగ్రాములు దాటిన డస్టర్లను నిషేధించాలని. ఒక మామూలు డబ్బాలో ఉండేది వందల గ్రాములు. చేదుతో పని జరిగిపోయి ఉంటే ఇంత దూరం రావాల్సిన అవసరం ఏముంది?

కాబట్టి డబ్బాలను తాళం ఉన్న అరలో పెట్టండి, ఎన్ని ఉన్నాయో లెక్క ఉంచండి. పెద్ద పిల్లలున్న ఇంట్లో డబ్బాలు మీరు అనుకున్నదానికన్నా త్వరగా ఖాళీ అవుతుంటే, పిల్లల గదిలో ఖాళీ డబ్బాలు దొరికితే, నోటి చుట్టూ దద్దుర్లో మంచు కాట్లో కనిపిస్తే కూర్చుని మాట్లాడండి. పదేళ్ళ లోపు పిల్లల చేతికి డస్టర్ ఇచ్చి "కీబోర్డు ఊదు నాన్నా" అనడం కూడా మానండి. బ్లోయర్ ఇవ్వండి, వాళ్ళకదే ఎక్కువ సరదా.

అయిపోయిన డబ్బాను గుచ్చకండి, నిప్పులో వేయకండి. పూర్తిగా ఖాళీ అయ్యాకే మీ దగ్గర ఏరోసోల్ డబ్బాలు తీసుకునే పద్ధతి ప్రకారం ఇచ్చేయండి.

ఇక నా కీబోర్డు. దాని మీటలన్నీ ఊడదీసి, ముందు ఫొటో తీసుకుని (తిరిగి పెట్టేటప్పుడు ఆ ఫొటో లేకపోతే గోవిందా), సబ్బు నీళ్ళలో అరగంట నానబెట్టి, రెండు నీళ్ళలో జాడించి, గుడ్డ మీద బోర్లించి రాత్రంతా ఆరబెట్టాను. కింది పలకను శుద్ధమైన ఐసోప్రొపైల్ అద్దిన దూది పుల్లతో వరుస వరుసగా తుడిచాను. మర్నాడు అన్నీ పెట్టాక స్పేస్ బార్ ఒక్కటి కాస్త గట్టిగా కదులుతోంది, చేదు మాత్రం లేదు.